గోడకెక్కని ఫొటో

పెళ్ళికి ముందు జంటలను రుషికొండ ఇసుకలో నిలబెట్టి ఫొటోలు తీయడం నా బతుకుతెరువు. నా కోసం తీసుకునేవి వేరు. రేవులో ఓడల వెనక తెల్లవారడం, ఉక్కు ఫ్యాక్టరీ పొగగొట్టాల మీద సాయంకాలపు ఎరుపు, సింహాచలం మెట్ల మీద భక్తుల పాదాలు. వాటిని ఒకసారి మా పేటలోని పాత ఫొటోగ్రాఫర్‌కి చూపించాను. ఆయన ఓపికగా అన్నీ చూసి, "బాగున్నాయి బాబూ. అయితే ఇవి నువ్వే తియ్యక్కర్నేదు, ఎవులైనా తీసేత్తారు," అన్నారు. ఆ మాట ములుకులా ఉండిపోయింది. మరి నేను తీయవలసింది ఏమిటో మాత్రం తెలియలేదు.

ఆ వానాకాలంలో, జాలరిపేట దగ్గరున్న నా స్టూడియోకి ఒకామె వచ్చింది. వయసులో నాకంటే చిన్నదే. ఆమె భర్త వెళ్ళిన పడవ కెరటానికి తిరగబడిందట. తోటివాళ్ళు ఈదుకుంటూ ఒడ్డుకు చేరారు. అతను రాలేదు, శవమూ దొరకలేదు. ఆమె ఫోన్‌లో మరిది పెళ్ళి భోజనాల ఫొటో ఒకటి ఉంది. బంతి చివర భర్త కూర్చున్నాడు. ముఖంలో సగాన్ని పక్కవాడి భుజం కప్పేసింది.

"పెళ్ళి ఫొటోలు ఆడి ఫోన్లోనే ఉండీవి. ఆ ఫోనూ ఆధార్ కార్డూ ఆడితోనే పోనాయి. ఇదొక్కటే ఉంది బాబూ. పెద్దది సేసి అద్దం కట్టియ్యి."

కంప్యూటర్‌లో కనపడని సగాన్ని కల్పించి చూపించాను. ఆమె తెర దగ్గరికి వంగి చూసింది.

"ఈ కన్ను ఆడిది కాదు," అంది.

దాన్ని చెరిపేశాను. సగం ముఖాన్నే పెద్దది చేసి, ఫ్రేము కట్టించి, నేనే వాళ్ళింటికి తీసుకెళ్ళాను.

ఆమె అత్త గడపలో కూర్చుని సముద్రం వైపు చూస్తోంది. కోడలు గోడకు మేకు కొట్టడం మొదలుపెట్టగానే, ముసలామె వెనక్కి తిరగకుండానే అంది:

"గోడకెక్కించీసినావంటే నా కొడుకు సచ్చిపోయినట్టే."

"ఎన్నాళ్ళు సూత్తావత్తా?"

"సముద్రం ఇంకా ఇవ్వనేదు గదే. ఇచ్చినప్పుడు కట్టు."

కోడలు సుత్తి కింద పెట్టి, ఫొటోను గోడవైపు తిప్పి బియ్యం డబ్బా వెనక నిలబెట్టింది. ఆ గోడకే ఆనుకుని కూలబడింది. మీ ఇద్దరినీ ఒక ఫొటో తీయనా అని అడిగాను.

"మాకేటి ఫొటో," అంది ముసలామె. "తీస్తే తీసుకో."

తీశాను. వెలుతురు సరిగ్గా పడలేదు. కోడలి ముఖం చీకట్లో ఉంది, అత్త ముఖం పక్కనుంచి మాత్రమే కనిపిస్తోంది. ఇంటికొచ్చి దాన్నే మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను. ఇన్నేళ్ళు ఇదే ఒడ్డున తిరిగాను, ఈ గడప ముందు ఎప్పుడూ ఆగలేదు. ఇలా ఎదురుచూస్తున్న ఇళ్ళు ఇంకా ఉంటాయి కదా అని కెమెరాతో వెతకడం మొదలుపెట్టాను.

ఒక తండ్రి కొడుకు చొక్కా తెచ్చి చూపించాడు, ఉతకనివ్వలేదట. ఒకామె, "మా ఇంట్లో ఎవులూ సావనేదు, పో," అని తలుపు వేసేసింది. ఆ మూసిన తలుపును ఫొటో తీయబోయి, కెమెరా దించేశాను.

చలికాలంలో ఆ ముసలామె పోయింది. కోడలు వచ్చి, నేను తీసినదాంట్లోంచి అత్త ముఖం మాత్రం పెద్దది చేయమంది. చేసిచ్చాను.

"మీ ఆయనది కూడా గోడకు కట్టేశావా?" అని అడిగాను.

"నేదు బాబూ. అత్త ఒప్పుకోనేదు గదా."

ఇప్పుడు ఒడ్డున, తిరిగిరానివాళ్ళ ఇళ్ళలో ఫొటోలు తీసేవాడిగా నన్ను చాలామంది గుర్తుపడతారు, పిలిచి టీ ఇస్తారు. మొన్న ఉదయం పడవను నీళ్ళలోకి తోస్తున్న ఒకతను నా మెడలో కెమెరా చూసి ఆగాడు.

"సేపల ఏటకెల్తన్నాం బావా," అన్నాడు నెమ్మదిగా. "మమ్మల్ని తియ్యకు."

కెమెరాను సంచిలో పెట్టేశాను. ఆ పడవ కెరటాలు దాటి కనుమరుగయ్యేదాకా అక్కడే నిలబడ్డాను.