సున్నాలో కలిసిన బరువు

మా ఉస్తాద్ పోయాడు. మొన్న మంగళవారం పొద్దున్నే ఆయన బామ్మర్ది ఫోన్ చేసి, "సార్, బావ లేడు" అన్నాడు. షెడ్డులో లేడేమో అనుకొని, "మరి ఎప్పుడొస్తడు?" అని అడిగాను. అవతల ఏడుపు వినబడ్డాక గాని నా బుర్రకెక్కలేదు. పిల్లలకు లెక్కలు చెప్పే మాస్టర్ని, చిన్న లెక్క తప్పితే వాళ్ల మీద విరుచుకుపడే నోరు నాది. ఆ నోటితోనే ఆ మాట అడిగాను.

చిక్కడపల్లిలో బండి ఉన్నవాళ్లలో చాలామందికి ఆయన తెలిసే ఉంటాడు. మార్కెట్ వెనక సందులో రేకుల షెడ్డు, మధ్యలో మనిషి నిలబడేంత గొయ్యి. కూలిపనికి పాలమూరు నుంచి వచ్చిన అమ్మానాన్నల వెంట చిన్నప్పుడే ఈ ఊరు చేరాడు. నలభై ఏళ్లు మెకానిక్‌గా బండ్ల కిందే గడిపాడు. భారీ మనిషి. గోతిలోకి దిగడానికి అవస్థపడుతూనే, "బండి ముందర తల వంచనోనికి పని రాదు సార్" అనేవాడు.

అశోక్ నగర్‌లో పోటీ పరీక్షల పిల్లలకు పాఠాలు చెప్పుకునేవాడికి పెద్ద విదేశీ కారు ఎందుకని మా ఆవిడ మొదట్లోనే అడిగింది. ఎందుకంటే మోజు, అంతే. పాత బండి కొన్నాను. స్ప్రింగులకు బదులు గాలి బెలూన్ల మీద నిలబడే రకం. రాత్రి నిలబెడితే తెల్లారేసరికి గాలి దిగిపోయి నేలకు కరుచుకుని ఉండేది. కంపెనీ బెలూన్లు దొరకవన్నారు. ఉస్తాద్ చూసి, బెలూన్లు తీసేసి బయట దొరికే మామూలు స్ప్రింగులు వేద్దామన్నాడు.

చిక్కు అడ్డకడ్డీ దగ్గర వచ్చింది. ఎడమ కుడి చక్రాలను కలిపే కడ్డీ అది. మామూలు బండ్లలో ఉత్త ఇనుమే. నా బండిలో దాని నడుమ మోటారు ఉంది. మలుపులో బండి ఒక పక్కకు ఒరగబోతే ఆ మోటారు కడ్డీని మెలిపెట్టి బండిని నిటారుగా నిలబెడుతుంది. ఎంత ఒరిగిందో తెలియాలంటే దానికి ముందు ఏది సమమో చెప్పాలి. దాన్నే సున్నా పెట్టడం అంటారు. స్ప్రింగులు మారితే సున్నా మళ్లీ పెట్టాల్సిందే.

"స్ప్రింగుకు బరువే తెలుస్తది సార్. ఈ కడ్డీకి మనిషి తెలుస్తడు" అన్నాడు ఉస్తాద్, దాన్ని అరచేత్తో నిమురుతూ.

ఆయనకో పద్ధతి ఉండేది. పనంతా అయ్యాక యజమానిని స్టీరింగు ముందు కూర్చోబెట్టి, తాను ఎడమ సీట్లో కూర్చునేవాడు. అప్పుడు గోతిలో ఉన్న బామ్మర్దికి, "ఇగ బిగించు" అని కేకేసేవాడు. "ఖాళీ బండికి బోల్టు బిగిస్తే లోపలి రబ్బరు మెలిపడ్తది. బండి మనుషులది గద, మనుషులుండంగనే బిగియ్యాలె." బోల్టుల వరకు అది నిజమే. సున్నా మాత్రం ఖాళీ బండికే పెట్టాలి. ఇలాంటి కడ్డీ ఆయనకు కొత్త. పాత అలవాటు కొద్దీ, బండి కంప్యూటరుకు తగిలించే స్కానర్ ఒళ్లో పెట్టుకుని, ఇద్దరం కూర్చుని ఉండగానే సున్నా నొక్కేశాడు.

మర్నాడు ఒక్కడినే క్లాసుకు బయల్దేరి బండి స్టార్ట్ చేశాను. రెండు క్షణాలు ఆగి, ఎడమ పక్క మెల్లగా కుంగింది. భారీ మనిషి ఎక్కి సర్దుకుని కూర్చున్నట్టే కుంగింది. తలుపు మూసే ఉంది. సీటు ఖాళీ. అంతలో ఫోన్. బాల్కనీలోంచి మా ఆవిడ. "మీ పక్కన ఎవరెక్కిన్రు?" అంది.

షెడ్డుకు పోయి చెబితే ఉస్తాద్ తల పట్టుకుని నవ్వాడు. "నా బరువు గూడ సున్నాల కలిసింది సార్. మీరు ఒక్కలే ఉంటే బండికి నేను తక్కువ పడ్తున్న. ఆ జాగ నింపుతున్నది. ఇంకెవరన్న కూసుంటే ఏం ఉండది. పరేషాన్ గాకుండ్రి, వచ్చే ఆదివారం తీసేస్త."

ఆ ఆదివారం రాలేదు. నేనూ వెంటబడలేదు. నిజం చెప్పొద్దూ, నారాయణగూడ చౌరస్తాలో గంటసేపు ఇరుక్కున్నప్పుడు పక్కన మనిషి ఉన్నట్టుండేది. "ఏంది ఉస్తాద్ ఈ ట్రాఫిక్?" అని ఖాళీ సీటుతో అన్న రోజులూ ఉన్నాయి.

ఎనిమిది నెలలకు రబ్బర్లు మార్చడానికి మళ్లీ వెళ్లాను. "ఈసారి దిగి పెట్టు సున్నా" అన్నాను. "దిగుతే మళ్ల ఎక్కాలె సార్. జర కూసుంట" అన్నాడు. అలా కూర్చునే మళ్లీ సున్నా నొక్కాడు. నేను ఫోన్లో ఏదో ఉద్యోగ నోటిఫికేషన్ చదువుకుంటున్నాను. "టైముంటే చాయ్ తాగుదమా?" అని అడిగాడు. క్లాసుందన్నాను. ఆ తర్వాత బండి కుంగడం బాగా తగ్గింది. పోనీలే, దారికొస్తోందని సంతోషించాను.

మంగళవారం ఆయన్ని కడసారి చూడడానికి బాగ్ లింగంపల్లిలో వాళ్లింటికి బయల్దేరి బండి స్టార్ట్ చేశాను. ఎడమ పక్క కుంగింది. దారంతా ఆ పక్కకు తల తిప్పలేదు. అక్కడ చాప మీద పడుకోబెట్టిన మనిషి ఎవరో వేరేవాడిలా ఉన్నాడు. ఏడాదిగా లోపల్లోపలే జబ్బు తినేసిందట. "ఎవ్వలకు చెప్పనియ్యలే సారూ" అంది ఆయన భార్య. ఇంతగా ఎప్పుడు చిక్కిపోయాడని నన్ను నేనే అడుగుతూ నిలబడ్డాను.

ఆ రోజు నుంచి మా ఆవిడ ముందు సీటు మానేసింది. "ఆయన ఒళ్లో కూసున్నట్టుంటది. తీపియ్యుండ్రి, లేకుంటే నేనా బండి ఎక్క." నాకేమో తీయించబుద్ధి కాలేదు. ఆయనది నా దగ్గర మిగిలింది ఆ బరువొక్కటే. చివరికి ఆమే బతిమాలి దోమలగూడలో ఒక స్కానర్ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లింది. అతను చూసి మొహం చిట్లించాడు. "మోటారు ఊకె గుంజుతనే ఉంది సార్. వానల మలుపు తిప్పేటప్పుడు బండి మాట వినది. మేడమ్ గూడ ఉంటరు గద మీ ఎంట."

అతను స్కానర్‌లో పాత లెక్కలు తెరిచాడు. "రెండుసార్లు సున్నా పెట్టిన్రు. మొదటిసారి ఎడమ దిక్కు పదకొండు మిల్లీమీటర్లు దిగింది. రెండోసారి ఆరే. రెండోసారి వేరేటాయన కూసున్నడా?"

ఒక మనిషి సగం కరిగిపోయాడని బండి రాసిపెట్టుకుంది. మూరెడు దూరంలో కూర్చున్న నేను తలెత్తి చూడలేదు. పైగా దారికొస్తోందని సంబరపడ్డాను. లెక్కల మాస్టర్ని.

"అదే మనిషి" అన్నాను.

"మీరు బ్రేకు మీద కాలు పెట్టి కూసోండ్రి. ముందు పాతది తీసేస్త. తర్వాత మీరు దిగుతే ఖాళీ బండికి కొత్తది పెడ్త. తియ్యాల్నా?"

ఆయన పోయాక మొదటిసారి ఆ సీటు వైపు నిండుగా చూశాను. ఆ పక్క తలుపు బయట మా ఆవిడ నిలబడి ఉంది. "తియ్యి" అన్నాను.

కింద ఎక్కడో మోటారు సన్నగా మూలిగింది. ఎడమ పక్క మెల్లగా లేవసాగింది. ఒంట్లో సత్తువ లేని మనిషి తలుపు పట్టుకుని, ఆగి ఆగి దిగుతున్నట్టు లేచింది. వెనక నుంచి ఏదైనా బండి వస్తోందేమోనని నాకు తెలియకుండానే అద్దంలో చూశాను.

"నిమ్మళంగ దిగు ఉస్తాద్" అన్నాను.

ఎవరితో మాట్లాడుతున్నారని మా ఆవిడ అడగలేదు. తలుపు దగ్గర నుంచి రెండడుగులు వెనక్కి జరిగి, దారి ఇచ్చింది.