నర్సవ్వ వాకిట్లో ఎండ

2011లో ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలయ్యేనాటికి నేను సిరిసిల్ల మున్సిపాలిటీ పట్టణ ప్రణాళిక విభాగంలో ట్రేసర్‌ను. ఇళ్ల నక్షాలను నిబంధనలతో సరిచూసి పై అధికారికి పంపడం నా పని. ఎత్తులు, కొలతల లెక్కలు కాలేజీలో చదివినవి కావు, పనిలో పడి నేర్చుకున్నవి.

దుబాయి నుంచి తిరిగొచ్చిన గంగారాం ఐదంతస్తుల అపార్ట్‌మెంటుకు నక్షా పెట్టాడు. ఆ స్థలానికి ఉత్తరాన నర్సవ్వ వాకిలి. మరమగ్గాలవాళ్ల నూలుకు రంగు వేసి, వెదురు దండేల మీద ఆరబెట్టి ఇవ్వడమే ఆమె కుటుంబానికి ఆధారం. ఎండ పోతే పని పోతుందని ఆమె, వాడకట్టువాళ్లు అభ్యంతరం పెట్టారు. నిబంధనల్లో గోడకూ హద్దుకూ మధ్య వదలాల్సిన జాగా గురించి ఉంది, పక్కవాళ్ల ఎండ గురించి లేదు. ఆ లెక్కన నక్షా సరైనదే.

విచారణ జరగకముందే సమ్మెతో ఆఫీసుకు తాళం పడింది. మేం దీక్షా శిబిరంలో కూర్చున్నాం. సమ్మెకు మద్దతుగా గంగారాం, నర్సవ్వ కూడా రోజూ అక్కడికే వచ్చేవారు. ఒక మధ్యాహ్నం రోడ్డు మీద వంటావార్పు జరిగింది. అన్నం తింటూ గంగారాం శిబిరం గుంజ నీడ చూపించాడు.

“సూడు నర్సక్కా, గంత గుంజకు నీడ గింతే. గీనికేనా నా మీద దరఖాస్తు పెట్టినవ్?”

“సలికాలంల రా తమ్మీ, సూపెడ్త. దుబాయిల ఉండి సలికాలం మర్శినవా ఏంది?”

అందరూ నవ్వారు. ఇద్దరూ నా వైపు చూశారు. సమ్మెలో ఉన్నాను, అధికారికంగా ఏమీ చెప్పలేనన్నాను.

“అన్నం తినుకుంటనే చెప్పు సారూ,” అంది నర్సవ్వ.

పుల్లతో మట్టిలో గీసి చూపించాను. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలుతాడు, మిట్టమధ్యాహ్నం కూడా భవనం ఎత్తుకు దాదాపు సమానమైన నీడ ఉత్తరాన పడుతుంది. నర్సవ్వ మాట నిజం. అయితే నక్షాలో పార్కింగు జాగా దక్షిణాన, రోడ్డు వైపు ఉంది. దాన్ని ఉత్తరానికి మార్చి భవనాన్ని దక్షిణానికి జరిపితే ఫ్లాట్లు తగ్గవు, సగం వాకిలికి మధ్యాహ్నపు ఎండ మిగులుతుంది.

పార్కింగు వెనక్కి పోతే కొనేవాళ్లు పెదవి విరుస్తారని గంగారాం గొణిగాడు.

“నా రంగునీళ్ల మోరీ నీ గేటు ముంగటికెళ్లే పోతది గదా, గది అవుతలికి మలుపుత. గప్పుడు కొనెటోళ్లు మూతి ముడువరు,” అంది నర్సవ్వ.

గంగారాం ఇంకో గంటె అన్నం వడ్డించుకున్నాడు. “గట్లయితె సరే,” అన్నాడు.

సమ్మె ముగిశాక మార్చిన నక్షా వచ్చింది, అభ్యంతరం వెనక్కి తీసుకున్నారు, అనుమతి మామూలు పద్ధతిలోనే జారీ అయింది. నర్సవ్వ మోరీ కాలువను అవతలికి మళ్లించింది. భవనం లేచాక ఆమె దండేలన్నీ ఎండ ఉన్న సగంలోకి చేరాయి. జాగా ఇరుకైంది, పని ఆగలేదు.

నక్షాలో పక్క స్థలం ఖాళీ గడిలా కనిపిస్తుంది. ఆ తర్వాత ఏ అభ్యంతరం వచ్చినా ముందు అక్కడ ఏ పని ఏ వేళ జరుగుతుందో అడిగి, ఆ పైనే నిబంధనల పుస్తకం తెరిచాను.