కార్బొరేటర్‌లో కొబ్బరినూనె

చలికి సీసాలో కొబ్బరినూనె గడ్డకట్టినప్పుడల్లా నాకు మెకానిక్ సూరిబాబుగారి నోట్లోంచి కారిన రక్తం గుర్తొస్తుంది.

నాన్నది పాతకాలపు టూ స్ట్రోక్ మోటార్‌సైకిల్. పెట్రోలు పోయించిన ప్రతిసారీ అందులో ఆయిల్ కలిపేవారు. చలికాలంలో ఒకరోజు ఆ డబ్బా ఖాళీ అయిందని విసుక్కున్నారు. సాయం చేద్దామని, ఏడేళ్ల నేను గిన్నెడు కొబ్బరినూనె టాంకులో పోసేశాను. మా ఇంట్లో తలకీ, దెబ్బకీ, కిర్రుమనే తలుపుకీ అదే నూనె మరి.

మర్నాటి నుంచి యాక్సిలరేటర్ వదిలితే చాలు, బండి ఆగిపోయేది. నాన్న కిక్ కొట్టి కొట్టి, చివరికి బండినే తన్నారు. నన్నూ వెంటబెట్టుకుని కొత్తపేటలో సూరిబాబుగారి దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన, బండి ఆగిపోకుండా చూసే ఐడ్లింగ్ స్క్రూ ఎంత తిప్పినా లాభం లేక కార్బొరేటర్ విప్పారు. లోపల తెల్లటి జిడ్డు పేరుకుని ఉంది.

"ఇది బండి ఆయిల్ కాదండీ. ఎవరో ఏదో కలిపేరు."

"ఎవరో ఏంట్రా? మొన్న సర్వీసుకిచ్చింది నీకే కదా! కల్తీ ఆయిల్ పోసి కబుర్లు చెప్తావా?" అంటూ నాన్న చేతికందిన స్పానర్‌తో ఆయన మూతిమీద కొట్టారు.

సూరిబాబుగారు ఊడిన పన్నును అరచేతిలోకి ఉమ్మారు. వేలికంటిన జిడ్డు వాసన చూశారు. నూనె రాసి బిగించి అల్లిన నా జడలకేసి చూశారు.

"ఆయ్, నా పొరపాటేనండీ," అన్నారు.

భయపడి ఒప్పుకున్నారనుకున్నాను. స్పానర్ ఇంకా నాన్న చేతిలోనే ఉందనీ, పక్కన నేనున్నాననీ చూసే ఆయన ఆ మాట అన్నారని చాలా ఏళ్లకు గానీ తట్టలేదు.