బండి తాళం పట్టుకున్న పెద్దామె

గద్వాలలో పని ఎక్కువుందని మా ఆయన అక్కడే గది తీసుకుని ఉండేవాడు. ఒకరోజు వనపర్తి నుంచి చెప్పకుండా వెళ్లాను. ఆ గది వాకిట్లో ఒకామె జుట్టు దువ్వుకుంటోంది. మా ఆయన చంకలో ఉన్న పిల్ల ఆయన్ను "నాయనా" అని పిలుస్తోంది. అక్కడి నుంచే స్కూటీ వెనక్కి తిప్పాను.

ఊరు దాటాక ఒక పెద్దామె పెబ్బేరు దాకా వస్తానని చెయ్యెత్తింది. ఎక్కించుకున్నాను గానీ నాలో నేను లేను. పత్తి ట్రాక్టర్ దారి ఇవ్వలేదని డ్రైవర్ని నోటికొచ్చినట్టు తిడుతూ దాటబోయాను. ఎదురొచ్చిన బస్సు కొద్దిలో తప్పింది.

"జర ఆపు బిడ్డా."

ఆపాను. ఆమె దిగి, బండి తాళం తీసి పిడికిట్లో పట్టుకుని, కల్వర్టు గోడ మీద కూర్చుంది.

"ఎవరి మీద కోపం?"

"మా ఆయన మీద. మోసం చేసిండు."

"ఆయన ఈ తొవ్వల లేడు గద. ట్రాక్టరాయన నీకేం జేసిండు?"

"తాళం ఇయ్యి, పోత."

"నీ చేతులు వణుకుతున్నయి. ఆగినంక ఇస్త."

అప్పుడొచ్చింది ఏడుపు. ఆమె ఏడవనిచ్చింది. చాలాసేపటికి నా చేతులు పట్టి చూసి తాళం ఇచ్చింది. ఇక ఏ ఆటోనో ఎక్కుతుందనుకున్నాను. కొంగు దోపుకుని మళ్లీ నా వెనకే కూర్చుంది.

"పా, పోదం."

మా ఆయనతో విడిపోయాను. మనిషిని నమ్మాలంటే ఇప్పటికీ భయమే. అలాంటప్పుడు వెనక సీటు మీద ఆమె బరువు గుర్తొస్తుంది.