గుర్వమ్మ మట్టి కొడుకు

గుర్వమ్మ కూర్చోగా చూసినవాళ్ళు మా దవాఖానలో లేరు. ఆడవాళ్ళ వార్డుకు ఆమెను తెచ్చేనాటికి అరికాళ్ళు రెండూ పుండ్లు. మంచం దిగొద్దని డాక్టరమ్మ చెప్పింది, నర్సునైన నేను చెప్పాను, ఊడ్చే ఆయమ్మ కూడా చెప్పింది. ఎవరి మాటా చెవికెక్కలేదు. దేవరకొండ రోడ్డు మీద బస్సు హారన్ వినబడితే చాలు, కట్లు కట్టిన కాళ్ళతోనే గేటు దాకా పోయి, దిగినవాళ్ళందరి ముఖాలు చూసి వచ్చేది. వచ్చాక వరండాలో ఆ కొస నుంచి ఈ కొసకు కాలుగాలిన పిల్లిలా తిరుగుడు. నర్సుకు ఓపిక ఉండాలంటారు. నాకు తక్కువ. ఒకరోజు మంచానికి కట్టేస్తానని బెదిరించాను.

"కట్టెయ్యి నర్సమ్మా, మంచం గూడ నా ఎంబడే వస్తది" అంది.

ఆమెది కృష్ణ ఒడ్డుకు దగ్గరి పల్లె. గొర్లే వాళ్ళ ఆస్తి. ఒక్కడే కొడుకు, భిక్షం. పెండ్లయిన మరుసటి వానాకాలం అవతలి ఒడ్డున మేస్తున్న మంద దగ్గరికి పోదామని పుట్టి ఎక్కాడు. నది నడుమ పుట్టి తిరగబడింది. తోటివాళ్ళ శవాలు దొరికాయి, భిక్షం శవం దొరకలేదు. వాడి గొంగడి మాత్రం ఎంతో దూరాన తుమ్మకంపకు తట్టుకొని కనిపించింది. ఇది యాభై ఎనిమిదిలో సంగతి.

అంతటితో ఏడ్చి ఊరుకుందురేమో. కానీ నరం లేని నాలుకలు ఊరుకోనిస్తాయా? మాచర్ల సంతలో భిక్షాన్ని చూశానని ఒకడన్నాడు. సాగర్ డ్యాం కాడ రాళ్ళు మోస్తున్నాడని ఇంకొకడన్నాడు. గుర్వమ్మ నడిచి డ్యాం కాడికి పోయింది. వేలమంది కూలీల ముఖాల్లో కొడుకు ముఖం వెతికింది. అప్పుడు మొదలైన నడక మరి ఆగలేదు. దొరకనివాళ్ళకు మోదుగాకులతో మనిషి బొమ్మ కట్టి, దాన్నే శవంగా భావించి సాగనంపే ఆచారం ఉంది. కులపెద్దలు ఆకులు తెప్పించారు. ఆమె వాటిని తీసుకుపోయి పెంట మీద పారబోసింది.

ఈ పంతం తనొక్కదాన్నే తింటే నేను ఇంత బాధపడేదాన్ని కాదు. కోడలు సైదమ్మ ఉంది. ఇరవై కూడా నిండని పిల్ల. కర్మ జరగలేదు కాబట్టి విధవ కాదు, మొగుడు లేడు కాబట్టి కాపురం లేదు. వాళ్ళ కులంలో మారుమనువు తప్పు కాదు. హాలియా దిక్కున భార్య పోయిన ఒక నెమ్మదస్తుణ్ణి ఆమె అన్న లింగయ్య చూసిపెట్టాడు. అయితే కొడుకు పోయాడని తల్లి నోటి నుంచి మాట రానిదే ఏ పెద్దమనిషీ ముందుకు రాడు. ఆ మాట కోసం ఎదురుచూస్తూ సైదమ్మ మా వార్డు వెనుక మూడు రాళ్ళ పొయ్యి మీద అత్తకు జొన్నగటక వండిపెడుతూ ఉండేది. ఒక్కనాడూ నోరు విప్పి అడగలేదు.

మా డాక్టరమ్మ మంగతాయారు గారు బందరు మనిషి. మనసు చెదిరిన ఆడవాళ్ళందరినీ బుధవారం బుధవారం వెనుక రేకుల షెడ్డులో చాపల మీద కూర్చోబెట్టి చెరువుమట్టి ఇచ్చేది. ఏది తోస్తే అది చెయ్యాలి, చేసినదాన్ని గురించి నాలుగు మాటలు చెప్పాలి, మిగతావాళ్ళు వినాలి. మద్రాసులో చదువుకునేటప్పుడు ఎక్కడో చూసిందట. మందుకు తగ్గనిది మట్టికి తగ్గుతుందా అని నేను ముసిముసిగా నవ్వుకున్నాను. నవ్విన నాపచేనే పండుతుందన్న మాట అప్పుడు గుర్తుకు రాలేదు.

ఆ షెడ్డులో గాజులమ్మే ఇక్బాల్ బీ ఉండేది. పుట్టిన బిడ్డలు ముగ్గురూ పురిట్లోనే పోయి, నెలల తరబడి నిద్రపట్టక మా దగ్గరికి వచ్చింది. మనిషి బొమ్మలు తమలో చెయ్యరని చెప్పి, పిల్లలు వంటాట ఆడుకునే గురుగులు చేసేది. ప్రతి గురిగికీ మూత ఉండాల్సిందే.

గుర్వమ్మ చాప మీద కూర్చోనంది. గేటు కనిపించే కిటికీ దగ్గర నిలబడి, దాని గట్టు మీదే మట్టి పెట్టుకొని పిసికేది. ముందు గొర్రెలు చేసింది. కొన్ని వారాలకు జానెడు మనిషి లేచాడు. భుజాన గొంగడి, చేతిలో కట్టె. "భిక్షం" అంది. ఆ రోజు ఆమె ఎంత మాట్లాడిందో! వాడు గొర్రెపిల్లను పక్కలో వేసుకొని పడుకునేవాడట, కోపమొస్తే అన్నం మానేసి మజ్జిగ మాత్రం తాగేవాడట. డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుంది. నేను కూడా తుడుచుకున్నాను, దాచడం ఎందుకు.

మరుసటి బుధవారం ఆమె ఇంకో పని చేసింది. దారం కొసకు చిన్న కట్టెముక్క కట్టి బొమ్మ మెడకు వేలాడదీసింది. ఇదేమిటని డాక్టరమ్మ అడిగితే నేనే చెప్పాల్సి వచ్చింది. మంద విడిచి పారిపోయే గొడ్డు మెడకు కట్టెమొద్దు వేలాడగడతారు, పరుగెత్తబోతే అది మోకాళ్ళకు తగులుతుంది. దాన్నే గుదిబండ అంటారు.

"ఇగ యాడికీ పోడు" అంది గుర్వమ్మ.

ఆనాటి నుంచి ఆమెకు తిరుగుడు రెండింతలైంది. గేటు కాడికొకసారి, షెడ్డు కాడికొకసారి. మట్టి ఎండితే బొమ్మ పగులుతుందని తడిగుడ్డ చుట్టేది, గంటకోసారి విప్పి చూసేది. మిగతావాళ్ళు చేసినవన్నీ కుమ్మరి ఎల్లయ్య ఆవంలో కాల్చి తెచ్చిస్తే, ఆమె తన బొమ్మను మాత్రం అతని చేతికి ఇవ్వలేదు. ఎండనివ్వదు, కాల్చనివ్వదు. దానికి ముందుకూ లేదు, వెనక్కూ లేదు.

ఒక ఆదివారం లింగయ్య వచ్చాడు. హాలియావాళ్ళు ఇంకెంతకాలం ఆగుతారని మర్యాదగానే అడిగాడు. నా కొడుకు పెండ్లాన్ని ఎవనికో ఇయ్యడానికి నువ్వెవడివని గుర్వమ్మ లేచింది. అతనికీ రోషం వచ్చింది. మళ్ళొకసారి వస్తాననీ, అప్పుడు కూడా తన వెంట రాకుంటే తనకు చెల్లెలు లేదనుకుంటాననీ సైదమ్మతో చెప్పి పోయాడు. ఆ పిల్ల మసిపట్టిన గిన్నె తోముతూనే ఉంది. తోమిందే తోముతోంది.

ఆ బుధవారం డాక్టరమ్మ సైదమ్మను కూడా షెడ్డులోకి పిలిచింది. ఆ పిల్ల గడప దగ్గర ముడుచుకొని కూర్చుంది. తన వంతు రాగానే గుర్వమ్మ తడిగుడ్డ విప్పి, ఎప్పటిలాగే ఇగ యాడికీ పోడని చెప్పింది. ఇంకేమైనా అనేవాళ్ళున్నారా అని డాక్టరమ్మ అడిగింది. సైదమ్మ బొమ్మ మీద నుంచి చూపు తిప్పకుండా అంది:

"మెడల మొద్దు ఏలాడంగ గొడ్డు మేత గూడ సక్కగ మెయ్యదు అత్తా. పండుకోనీకె రాదు, లేవనీకె రాదు. నీకు దెల్వదా?"

గుర్వమ్మ కోడలి ముఖంలోకి చూసింది. అంత కాలంలో ఆ పిల్ల ముఖం ఆమె చూసింది అప్పుడేనేమో. చేతుల మట్టి కడుక్కోకుండానే బయటికి పోయింది. హారన్ మోగినా గేటు దిక్కు వెళ్ళలేదు. దీపాలు పెట్టేదాకా వరండాలో తిరుగుతూనే ఉంది. మందలించడానికి నేను పోతే, తనే నా చెయ్యి పట్టుకొని, అది గట్లన్నదేందని అడిగింది. నాకు మెత్తని మాటలు రావు.

"ఇన్నొద్దులు నీ ముంగట తలొంచుకొని తిరిగింది. ఇయ్యాల నోరు తెరిచింది. ఇగ ఇనేది నువ్వే" అన్నాను.

తెల్లవారి షెడ్డు తాళం నాతో తీయించింది. బొమ్మ మెడలోని దారాన్ని పంటితో కొరికి తెంపింది. కట్టెముక్క వేలాడినచోట పచ్చిమట్టిలో గుంట పడింది. బొటనవేలు తడిచేసి ఎంత రుద్దినా పూర్తిగా పోలేదు. అప్పుడు ఏడ్చింది. కొడుకు పోయినందుకు ఆమె ఏడవడం అదే మొదలని సైదమ్మ తర్వాత నాతో చెప్పింది. ఏడ్చి ఏడ్చి, ముక్కు చీది, మామకూ అన్నకూ కబురంపమని కోడలికి చెప్పింది.

"ఆకుల బొమ్మ నాకొద్దు. నేను జేసిన పిల్లగాడున్నడు. ఈన్నే సాగదోలుదాం."

కాళ్ళ కట్లు మార్చాలన్న సాకుతో నేనూ వాళ్ళ ఊరికి పోయాను. బయలుదేరేటప్పుడు ఇక్బాల్ బీ మూతతో సహా ఒక గురిగి తెచ్చి గుర్వమ్మ చేతిలో పెట్టింది. దారిలో పిల్లవాడికి ఆకలవుతుందంది. నది కనిపించే గడ్డ మీద భిక్షం తండ్రి గోపయ్య గుంట తవ్వాడు. ఇంటి దూలం మీద దాచిపెట్టిన వాడి గొంగడిలో చుట్టి, ఇంకా తడి ఆరని ఆ జానెడు మనిషిని, పక్కన గురిగిని పెట్టి మట్టి కప్పారు.

దినాలు ముగిశాక, కట్లు విప్పించుకోవడానికి వచ్చినప్పుడు గుర్వమ్మ సైదమ్మను కూడా వెంటబెట్టుకొచ్చింది. హాలియా పోవడానికి మా గేటు దగ్గరే బస్సెక్కాలి. లింగయ్య ముల్లె పట్టుకొని నిలబడ్డాడు. బస్సు వచ్చింది. గుర్వమ్మ దిగేవాళ్ళ ముఖాలు చూడలేదు. కోడలిని రెక్క పట్టుకొని తనే మెట్టు ఎక్కించింది.

"ఎన్కకు మళ్ళి సూడకు బిడ్డా" అంది.

సైదమ్మ చూసింది. చూడకుండా ఎట్లా ఉంటుంది? బస్సు మలుపు తిరిగేదాకా కిటికీలో ఆమె చెయ్యి కనిపించింది. దుమ్ము అణిగాక నేను లోపలికి నడిచాను. గుర్వమ్మ వెంట రాలేదు. మళ్ళీ మొదలైందేమోనని కోపంగా వెనక్కి తిరిగాను. రోడ్డు పక్కన కంకర కుప్ప మీద కాళ్ళు చాపుకొని కూర్చుని ఉంది.

"కాళ్ళు గుంజుతున్నయి నర్సమ్మా" అంది. "జర కూసుంట."