ఆష్‌బర్న్‌లో దిగిన తై కొండ

చైనాలో తై అనే కొండ ఉంది. ఉంది అనకూడదు, ఉండేది. ఆండాళ్ గారు దాని మెట్లన్నీ పరుగున ఎక్కి, దిగి, ఎడంచేత్తో కొండని పెకలించి, కుడిచేత్తో హ్యాండ్‌బ్యాగ్ పట్టుకుని విమానమెక్కి, అమెరికాలో ఆష్‌బర్న్ అనే ఊళ్ళో తన ఇంటి ముందు గడ్డిలో దింపేశారు. ఆంజనేయుడికైనా బ్యాలెన్సుకి తోక ఉంది. ఈవిడకి అదీ లేదు. ఆనాటి నుంచి చలికాలంలో మంచు తోసే బండి కూడా ఆ ఇంటి ముందుకొచ్చేసరికి బ్లేడు దించి దణ్ణం పెట్టి మరీ పోతోంది.

నమ్మనివాళ్ళుంటారు. ఎక్కువ చదువుకున్న ఊళ్ళో ఇదే ఇబ్బంది. వాళ్ళ కోసం ముందు ఆవిడ సంగతి చెప్పుకోవాలి.

ఆండాళ్ గారిది మచిలీపట్నం. ఆష్‌బర్న్‌లో డేటా సెంటర్లు లేచిన చోట ఆవులు మేస్తున్న రోజుల్లో వచ్చి స్థిరపడ్డారు. మిడిల్ స్కూల్లో వరల్డ్ జాగ్రఫీ చెప్పి రిటైరయ్యారు. ఆవిడ దగ్గర చదువుకున్న పిల్లలకి పక్క కౌంటీ ఏ దిక్కున ఉందో తెలియకపోవచ్చు గానీ, తైఆన్ అనే ఊరికి దారి నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్ళు. తై కొండకి దక్షిణపు పాదం దగ్గర ఉన్న ఊరది. ఊరి వల్ల కొండకి పేరు రాలేదు, కొండ వల్ల ఊరే పుట్టిందని ఆవిడ పాఠం. చక్రవర్తులు కొండ మీద ఆకాశానికి పూజ చెయ్యడానికి వచ్చేవాళ్ళు. వాళ్ళ వెనక పరివారం, వాళ్ళ తర్వాత యాత్రికులు. అంతమందికీ బస కావాలి, భోజనం కావాలి. అలా పెరిగింది ఊరు. వందల ఏళ్ళ కిందటే అక్కడి సత్రాలవాళ్ళు గదీ, పల్లకీ, కొండ దిగాక విందూ, విందులో నాటకమూ కలిపి ఒకే ప్యాకేజీగా అమ్మేవాళ్ళట.

పిల్లలకి అన్నిటికంటే నచ్చింది చెట్టు కథ. చిన్ వంశపు మొదటి చక్రవర్తి రెండు వేల ఏళ్ళకి పైగా కిందట ఆ కొండ మీద ఉండగా వాన పట్టుకుందట. ఒక చెట్టు కింద నిలబడితే తడవలేదట. ముచ్చటపడి చెట్టుకి కొలువులో హోదా ఇచ్చాడట. మనవాళ్ళు గ్రీన్‌కార్డు లైన్లో నిలబడి నిలబడి జుట్టు నెరుస్తుంటే, అక్కడొక చెట్టు ఊరికే నిలబడి ఆఫీసరైపోయింది.

పుస్తకంలో చదివిన ఊరు పక్కింటికి వస్తుందని ఆవిడ మాత్రం ఎలా అనుకుంటారు? ఒక ఎండాకాలం పక్కింట్లోకి సున్ మేయ్‌లాన్ అనే ఆవిడ దిగింది. పుట్టిందీ పెరిగిందీ తైఆన్‌లోనే. మా ఊళ్ళో మూడే గొప్ప సంగతులు, క్యాబేజీ, టోఫు, నీళ్ళు, అని చెప్పింది. ఆండాళ్ గారు ఆ క్యాబేజీని ఆవపెట్టి వండి పంపారు. అవతలి నుంచి గిన్నె టోఫుతో తిరిగొచ్చింది. గిన్నెలు అటూ ఇటూ తిరిగి తిరిగి చివరికి ఆడవాళ్ళిద్దరూ విమానమెక్కి తైఆన్ చూసొచ్చేదాకా వెళ్ళింది స్నేహం.

ఇక రాయి. ఆండాళ్ గారి ఇల్లు టి-జంక్షన్‌లో ఉంటుంది. ఎదురుగా రోడ్డు తిన్నగా వచ్చి గుమ్మానికి గురిపెట్టి ఆగుతుంది. అసలు సిసలు వీధిపోటు. కొనేటప్పుడే నలుగురూ వద్దన్నారు. రోడ్డు మీద నుంచి వచ్చేది వెలుతురే కదా అని భార్యాభర్తలు కొనేశారు. భర్త పోయిన కొన్నేళ్ళకి, ఒక మంచు రోజున వెలుతురుతో పాటు పిజ్జా బండి కూడా తిన్నగా వచ్చి మెయిల్‌బాక్సుని కూల్చేసింది. మేయ్‌లాన్ వచ్చి, విరిగిన బాక్సునీ ఎదురుగా ఉన్న రోడ్డునీ మార్చి మార్చి చూసింది. "మా దగ్గర ఇలాంటి ఇంటికి రాయి పెడతారు. నీకు లేదేమిటి ఇన్నాళ్ళూ?" అంది. మంచు కరిగాక ట్రక్కులో నిలబెట్టే రాయొకటి వచ్చింది. దాని మీద అయిదు చైనా అక్షరాలు చెక్కించి, మేయ్‌లాన్ తన చేత్తో ఎర్రరంగు నింపింది. తై కొండ రాయి, దేనికైనా ఎదురు నిలుస్తుంది అని వాటి భావం. వీధి నియమాలు చూసే సంఘంవాళ్ళు వచ్చి చుట్టూ తిరిగి, ల్యాండ్‌స్కేపింగ్ అని రాసుకుని పోయారు.

తర్వాత మేయ్‌లాన్ కూతురి దగ్గరికి కాలిఫోర్నియా వెళ్ళిపోయింది. రాయి మిగిలింది. ఆండాళ్ గారి మోకాళ్ళు మాత్రం మిగల్లేదు. పడగ్గది మేడ మీద, వంటిల్లు కింద. కాఫీ కోసం ఒకసారి దిగితే మళ్ళీ ఎక్కడానికి మధ్యమెట్టు మీద కూర్చుని ఊపిరి పీల్చుకోవాల్సి వచ్చేది. అదృష్టం కొద్దీ దగ్గర్లోనే ఒక్క మెట్టు కూడా లేని ఇల్లు దొరికింది. అయితే ఒకటే షరతు. ఈ ఇల్లు శుక్రవారం లోపల అమ్ముడుపోవాలి. లేకపోతే ఆ ఇల్లు లైన్లో రెండోవాళ్ళకి పోతుంది.

అమ్మకం పని రాకేష్ అనే రియల్టర్ చూస్తున్నాడు. ఏ ఇంటినైనా అమ్మగలనని అతనికి పేరు. అంతటివాడు ఆ ఇంటి ముందు మెత్తబడ్డాడు.

"ఆంటీ, ఫోటోలు చూసి అందరూ లవ్ చేస్తున్నారు. వచ్చాక కార్ కూడా దిగట్లేదు. ఇంటి ముందే యూటర్న్ కొట్టి పోతున్నారు."

"మనవాళ్ళేనా?"

"మనవాళ్ళూ, చైనావాళ్ళూ కూడా. మిగతావాళ్ళకి కిచెన్ చిన్నదట."

అలాంటి సమయంలో రచన, శ్రీరామ్ దొరికారు. కొత్త జంట. వీధిపోటు అనే మాట కూడా విన్నట్టు లేరు. ఆఫర్ పెట్టారు, ఆండాళ్ గారు ఒప్పుకున్నారు. గురువారం ఇంటి ఇన్‌స్పెక్షన్ అయితే సంతకాలే మిగులుతాయి. ఆవిడ మెట్టు మీద కూర్చుని మెట్లు లేని ఇంట్లో మంచం ఏ గోడకి వెయ్యాలో ఆలోచించుకున్నారు.

గురువారం నాడు శ్రీరామ్ వాళ్ళమ్మ సుభద్రమ్మ గారు కూడా వచ్చారు. వరంగల్ నుంచి కొడుకుని చూడ్డానికి వచ్చి నెల కాలేదు. హాలోవీన్, అదే ఇక్కడి దయ్యాల పండగ, దగ్గరపడింది. వీధిలో ప్రతి ఇంటి ముందూ పుర్రెలూ, సాలెగూళ్ళూ, సమాధి రాళ్ళూ. భయపడకు, అన్నీ ఉత్తుత్తివే, థర్మకోల్ అని కొడుకు దారి పొడుగునా చెప్పుకుంటూ తీసుకొచ్చాడు. ఆవిడకి తమాషాగా అనిపించి, కనిపించిన ప్రతి సమాధినీ వేలితో పొడిచి చూస్తూ వచ్చారు. పొడిస్తే ఊగేవి. ఒకటి పడిపోయింది కూడా.

ఆఖరున ఆండాళ్ గారి రాయి. ఎర్రక్షరాలు. సుభద్రమ్మ గారు నవ్వుతూ వచ్చి పొడిచారు. ఊగలేదు. అరచేత్తో నెట్టారు. కదల్లేదు.

"ఓ శ్రీరామూ! అన్నీ ఉత్తయే అన్నవ్ కదరా. గిది అసలుదిరా! ఎవర్నో ఇంటి ముందటనే పెట్టిన్రు!"

"అమ్మా, అది జస్ట్ రాయి."

"పేరు గూడ చెక్కినంక జస్ట్ రాయేందిరా?" అంటూ వెనక్కి తిరిగారు. తిరిగేసరికి రోడ్డు కనిపించింది, తిన్నగా తన మీదికే వస్తూ. "అయ్యో, వీధిపోటు గూడనా! సమాధి ఎందుకొచ్చిందో ఇగ చెప్పుడెందుకు. రచనా, నువ్వు లోపట అడుగు పెట్టకమ్మా. పోదాం పాండ్రి."

రచన భర్త వైపు చూసింది. శ్రీరామ్ ఫోన్ వైపు చూశాడు. రాకేష్ పరుగున లోపలికొచ్చి, "ఆంటీ, డీల్ ఫాల్ త్రూ అయ్యేలా ఉంది. రాయిని డెడ్‌బాడీ అనుకుంటున్నారు" అన్నాడు.

ఆండాళ్ గారికి మోకాళ్ళ నొప్పి ఒక్కసారిగా రెట్టింపయింది. మెట్లు లేని ఇల్లు కళ్ళ ముందు నుంచి పక్కకి జరిగిపోతోంది. కానీ ముప్ఫయ్యేళ్ళు పన్నెండేళ్ళ పిల్లల్ని అదుపులో పెట్టిన మనిషి. గుమ్మంలోకి వెళ్ళి గొంతెత్తారు.

"వదిన గారూ, మా ఇంట్లో ఎవర్నీ పాతిపెట్టలేదు. కావాలంటే తవ్వి చూసుకోండి. ముందు కాఫీ తాగండి. ఇంటి దాకా వచ్చి ఉత్త నోటితో వెళ్తారా?"

కాఫీ కాదని వెళ్ళడం వరంగల్‌లోనూ మర్యాద కాదు. సుభద్రమ్మ గారు లోపలికొచ్చారు గానీ కుర్చీ అంచునే కూర్చున్నారు.

ఆండాళ్ గారు కాఫీ ఇచ్చి పాఠం మొదలుపెట్టారు. రైస్ కుక్కర్ తెచ్చి టేబుల్‌కి ఉత్తరాన పెట్టారు. "ఇది తై కొండ." దాని ముందు మాగాయ సీసా. "ఇది తైఆన్ ఊరు నడిబొడ్డున ఉన్న దాయ్ గుడి. కొండ దేవుడిది. కోటలాగా గోడలు." సీసా నుంచి కుక్కర్ దాకా స్పూన్లు వరసగా పేర్చారు. "గుడి వెనక నుంచి కొండకి దారి. వేలకొద్దీ రాతిమెట్లు. పైన ఒక అమ్మవారు. ఆడవాళ్ళు పిల్లల కోసం మొక్కుకుంటారు."

"మెట్ల పూజ చేస్తరా?" సుభద్రమ్మ గారు కుర్చీలో కాస్త వెనక్కి జరిగారు.

"పసుపు రాయరు గానీ దారి పొడుగునా అగరొత్తులే." దక్షిణాన నాలుగు చుక్కల కాఫీ ఒలకబోసి వేలితో గీశారు. "ఇది దావెన్ నది. చైనాలో పెద్ద నదులన్నీ మన గోదావరిలాగా తూర్పుకే పోతాయి. ఇది మాత్రం పడమరకి."

"మొండిది" అన్నారు సుభద్రమ్మ గారు మెచ్చుకోలుగా.

"కొండ నిలకడగా ఉంటే దేశం నిలకడగా ఉంటుందని వాళ్ళ నమ్మకం. ఊరి పేర్లో ఉన్న ఆన్ అంటే చల్లగా ఉండడమే. ఇప్పుడిది చూడండి." పంచదార డబ్బా ఒకటి పెట్టి, ఒక స్పూను తిన్నగా దానికి గురిపెట్టారు. "ఇది ఇల్లు. ఇది రోడ్డు."

"వీధిపోటు!"

"వాళ్ళూ ఇలాంటి ఇల్లు కొనరు. కొనాల్సొస్తే ఇదిగో, ఇక్కడ" అని స్పూనుకీ డబ్బాకీ మధ్య ఒక ఖర్జూరం నిలబెట్టారు. "తై కొండ పేరు చెక్కిన రాయి పెడతారు. వచ్చే పోటు ఏదైనా కొండకి తగిలి ఆగుతుంది. మా మేయ్‌లాన్ పెట్టించింది. అంతే తప్ప సమాధీ కాదు, గిమాధీ కాదు."

సుభద్రమ్మ గారు ఖర్జూరాన్ని వేలితో పొడిచారు. పడిపోయింది. ఆవిడే మళ్ళీ నిలబెట్టారు.

"మనం గణపతిని పెడ్తం కదా, అట్లనే."

"అచ్చంగా అంతే."

"అంటే ఈ రాయి ఆ కొండ మీదికెళ్ళే తెచ్చిన్రా?"

సుభద్రమ్మ గారి వెనక నిలబడ్డ రాకేష్ కళ్ళు పెద్దవి చేసి, అవునను ఆంటీ అన్నట్టు తల ఊపాడు. మెడ ఊడుతుందేమో అన్నంత గట్టిగా ఊపాడు. ఒక్క అవును. అది అంటే శుక్రవారానికి మెట్లు లేని ఇల్లు. ఆండాళ్ గారు నోరు తెరిచారు. కానీ ఏ ఊరి రాయో ఆ ఊరిదని ముప్ఫయ్యేళ్ళు పిల్లల చేత వల్లె వేయించిన నోరు అది. తిరగనంది.

"కాదండీ. ఇక్కడిదే. హైవే పక్కన తోటరాళ్ళు అమ్మే యార్డు ఉంది, అందులోంచి కొన్నది. పేరు మాత్రమే తై కొండది."

రాకేష్ కళ్ళు మూసుకున్నాడు. రచన కప్పు కింద పెట్టింది. సుభద్రమ్మ గారు కిటికీలోంచి రాయిని చూశారు, రోడ్డుని చూశారు, మళ్ళీ రాయిని చూశారు. కాఫీ పూర్తిగా తాగారు.

"కార్తీకంల తెల్లారక ముందే బకెట్ల నీళ్ళు పట్టుకోని, గంగా, యమునా, గోదారీ అని తలుచుకుంట పోసుకుంటం. ఆ నీళ్ళు యాడియి? నల్లా నీళ్ళేనాయె. గంగ రాకుండ ఉన్నదా?" అని కొడుకు వైపు తిరిగారు. "పేరు పెట్టి పిలిస్తే వస్తది. నీళ్ళొచ్చినప్పుడు కొండ రాదా? సంతకం పెట్టురా. కానీ అక్కా, ఒక్క మాట. రాయి మాత్రం మీరు తీస్కపోవద్దు."

ఆండాళ్ గారు రాయిని తనతో తీసుకెళ్దామనే అనుకున్నారు. మేయ్‌లాన్ చేతి రంగు ఇంకా దాని మీద ఉంది. కానీ వెళ్ళే ఇంటి ముందు రోడ్డే లేదు, పార్కింగ్ ఉంది. అక్కడ ఆ కొండకి ఆపడానికి పనేముంది?

"ఉంచేస్తాను. చలికాలంలో రంగు వెలుస్తుంది. ఎర్రరంగు డబ్బా గరాజ్‌లో ఉంది, రచనకి చూపిస్తాను" అన్నారు. అన్నాక కుర్చీలో వెనక్కి వాలారు. రాకేష్ మాగాయ సీసా మూత తీసి, ఎవర్నీ అడక్కుండా ముక్క నోట్లో వేసుకున్నాడు.

శుక్రవారం సంతకాలయ్యాయి. ఆదివారం తెల్లవారేసరికి కథ వరంగల్ చేరింది. అక్కణ్ణుంచి తిరిగొచ్చేసరికి రాయి నిలువెత్తయింది. రాకేష్ నోట్లో పడి రెండంతస్తులైంది. అల్ఫారెట్టా అనే ఇంకో ఊళ్ళోని తెలుగువాళ్ళ దాకా వెళ్ళొచ్చినప్పటికి అది నిజంగానే కొండ అయి, దాన్ని మోసుకొచ్చిన ఆండాళ్ గారికి మోకాళ్ళు అందుకే పోయాయని కారణం కూడా దొరికింది.

మెట్లు లేని ఇంట్లో పాలు పొంగించిన రోజు అందరూ వచ్చారు. వంటింటికీ హాలుకీ మధ్య ఎక్కడా ఆగకుండా, గోడ పట్టుకోకుండా పళ్ళేలు పట్టుకుని తిరుగుతున్న ఆండాళ్ గారిని రచన ఆపింది.

"ఆంటీ, మా ఆఫీస్‌లో అందరూ అడుగుతున్నారు. మీరు ఆ మెట్లన్నీ రన్నింగ్‌లో ఎక్కి, కొండని మీరే ఎత్తుకొచ్చారట, నిజమేనా?"

ఆండాళ్ గారు రచన చేతిలో గారెల పళ్ళెం పెట్టారు.

"మోకాలెత్తు రాయి. ట్రక్కువాడు దింపాడు, ఎక్కడ దింపాలో నేను చూపించాను. కొండ నేను ఎక్కనే లేదు. కేబుల్ కార్‌లో వెళ్ళాను. పైన చలేసింది, దిగొచ్చేశాను."