పటేలు చేనులో నేను వదిలిన మొగ్గలు

నాకు కోపం ఎక్కువ. ఈ మాట మా ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు, మా చర్చిలో అయితే అడగకుండానే చెబుతారు. కోపం పాపమని నాకు బుద్ధి చెప్పినవాళ్ళు చాలామంది. వాళ్ళలో ఎక్కువమందికి ఎవరూ వేరే గ్లాసులో నీళ్ళు పోసి ఇవ్వలేదు.

అప్పుడు నేను గద్వాలలో డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. సీడ్ పత్తిలో క్రాసింగ్ మొదలైందంటే నా కాలేజీ బంద్. అయిజ దగ్గరున్న మా ఊరికి వచ్చి అమ్మతో మా ఊరి పెద్ద రైతు పటేలు చేనుకు పోవాల్సిందే. సీడ్ పత్తి అంటే విత్తనం కోసం వేసే పత్తి. సాయంత్రం ఆడ సాళ్ళలో మర్నాడు విచ్చుకోబోయే మొగ్గలను వెతికి, వాటి రేకులూ పుప్పొడీ గోటితో గిల్లేయాలి. పొద్దున మగ సాళ్ళలోంచి పువ్వులు తెచ్చి వాటికి రుద్దాలి. ఇదే క్రాసింగ్. సాయంత్రం గిల్లకుండా మిగిలిన మొగ్గ పొద్దుటికి లేత పసుపుగా విచ్చుకుంటుంది. అప్పుడైనా తుంచి పారేయకపోతే దాని గింజ మంచి విత్తనంలో కలిసిపోతుంది. అలాంటివి ఎక్కువైతే పరీక్షలో పంట మొత్తం పనికిరాదంటారు. ఎవరి సాళ్ళు వాళ్ళవే కాబట్టి, ఆకుల చాటున ఎవరు ఏం వదిలారో వదిలినవాళ్ళకే తెలుస్తుంది.

మా గుంపుకు అమ్మే మేస్త్రి. పని శుద్ధంగా ఉంటుందని ఆమె మాటిస్తేనే పటేలు కూలీలను చేనులోకి దింపేవాడు. అంత నమ్మకం ఉన్న మనిషి మంచినీళ్ళ దగ్గరికొచ్చేసరికి మారిపోయేవాడు. మోటారు గదిలో కుండ మీద అందరికీ ఒక స్టీలు గ్లాసు ఉండేది. గుంపులో దళితులం మేమిద్దరమే కాబట్టి, అమ్మకూ నాకూ గోడ సందులో దోపిన ప్లాస్టిక్ గ్లాసు.

ఒక మధ్యాహ్నం ఎండకు అమ్మ కళ్ళు తిరిగి సాలులోనే కూలబడింది. పక్క సాలులో ఉన్న ఆవిడ గాబరాపడి, చేతికందిన స్టీలు గ్లాసుతోనే ఆమెకు నీళ్ళు తాగించింది. పటేలు చూశాడు. ఎట్లుంది అని ఒక్క మాట అడగలేదు. గ్లాసు గుంజుకుని చేనులోకి విసిరికొట్టాడు.

“ఎన్నేండ్ల సంది వస్తున్నవ్, నీ గ్లాసు ఏదో నీకు తెల్వదా?” అన్నాడు.

అమ్మ తూలుతూనే లేచి నిలబడింది. “తప్పయింది పటేలా” అంది.

విసిరేసిన గ్లాసు కంటే ఆ మాటే నన్ను ఎక్కువ కాల్చింది. ఎవరిది తప్పు? స్పృహ తప్పడం తప్పా?

పువ్వు ఆదివారమని ఆగదు. అందుకే క్రాసింగ్ రోజుల్లో మా చర్చిలో ఆరాధన తెల్లారకముందే జరుగుతుంది. ఆ ఆదివారం అయ్యగారు మనసుకు కాపలా పెట్టుకోవడం గురించి ప్రసంగించారు. మనసులోకి వచ్చిన ప్రతి ఆలోచనకూ పీట వేయొద్దన్నారు. నేను పీట వేసి, భోజనం కూడా పెడుతున్నాను. నోటితో పాట పాడుతూనే, పటేలు పంట పనికిరాదని పరీక్షలో తేలినట్టు, అతను తల పట్టుకుని గట్టు మీద కూర్చున్నట్టు ఊహించుకుంటున్నాను. అబద్ధమెందుకు, ఆ ఊహ తియ్యగా ఉండేది. మళ్ళీ మళ్ళీ తెచ్చుకునేదాన్ని.

బుధవారం సాయంత్రం రెండు సాళ్ళలో కింది కొమ్మల మొగ్గలను చూస్తూ చూస్తూ వదిలేశాను.

మర్నాడు పొద్దున అమ్మ నాకు మగపువ్వులు ఇవ్వడానికి నా సాలులోకి వచ్చింది. వంగి ఒక కొమ్మ ఎత్తింది, ఇంకో కొమ్మ ఎత్తింది. లేత పసుపు పువ్వులు గుంపుగా కనబడ్డాయి.

“గివేంది బిడ్డా?”

“కానలేదమ్మా” అన్నాను.

“కానకపోతే ఒకటో రెండో ఉంటయి. గిన్ని ఉంటయా?”

ఇక దాచలేకపోయాను. “నిన్ను గట్లన్నోని పంట పోతే పోనీ” అన్నాను.

అమ్మ తిట్టలేదు. “వాని పంట పోతే వాడు ఇంకో పంట ఏసుకుంటడు. నువ్వు నా మొకం చూసి అబద్దం చెప్పినవ్. పోయిన నా బిడ్డను నేనేడ తెచ్చుకోవాలె?” అంది. అని వంగి ఆ పువ్వులు తుంచడం మొదలుపెట్టింది.

ఏడుపొచ్చింది నాకు. దాని వెంటనే మళ్ళీ కోపమే వచ్చింది, ఈసారి ఇంకో రకంది. పటేలు మమ్మల్ని నీళ్ళ కుండ దగ్గర దూరం పెట్టగలిగాడు, అంతే. కన్నతల్లికి అబద్ధం చెప్పే మనిషిగా నన్ను మార్చే అధికారం అతనికి ఎక్కడిది? నేనే ఇచ్చాను, ఆ ఊహను నెమరేసుకున్న ప్రతిసారీ కొంచెం కొంచెం. ఇక ఇవ్వనంటే ఇవ్వను అనుకున్నాను. దాన్ని పశ్చాత్తాపం అంటారట. నాకైతే అది మొండితనంలాగే అనిపించింది, ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది.

రెండు సాళ్ళూ మొదటి నుంచి చివరి దాకా వెతికి, విచ్చుకున్న పువ్వు ఒక్కటి లేకుండా తుంచేశాను. తర్వాత గట్టు మీదున్న పటేలు దగ్గరికి నడిచాను.

“నిన్న కావాలనే నా సాళ్ళల్ల మొగ్గలు ఇడిసిపెట్టిన. అది తప్పే. ఇప్పుడు అన్నీ తీసేసిన, మీరు పోయి చూసుకోవచ్చు. మా అమ్మకు మీరు చేసిన తప్పు ఎప్పుడు తీస్తరు?”

అతని మొహం ఎర్రబడింది. “నాలుగు అక్షరాలొస్తే నోరు లేస్తుందా? రేపటి సంది మీ ఇద్దరు నా చేనుకు రావొద్దు!” అన్నాడు.

అమ్మ అప్పటికే నా వెనక వచ్చి నిలబడి ఉంది. ఈసారి తప్పయిందని అనలేదు. “ఈ పూట పని ఒప్పుకున్నం. పువ్వులు రుద్దినంకనే పోతం” అని సాలులోకి వెళ్ళిపోయింది. నేనూ ఆమె వెనకే వెళ్ళి నా సాళ్ళ పని ముగించాను. ఆ ఏడు ఇంకెవరూ మమ్మల్ని క్రాసింగ్‌కు పిలవలేదు.

సంగతి ఊరంతా పాకింది. తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారు వాకిట్లో మమ్మల్ని ఆపారు.

“మనసు మార్చుకున్నవ్ బిడ్డా, దేవునికి స్తోత్రం. కానీ నోరు గూడ జర కాపాడుకోవాలె. క్షమించి ఊకుంటే అమ్మకు పని ఉండేది గదా.”

“క్షమించిన అయ్యగారూ. కోపంల ఉన్నప్పుడు ఆయన ఎనక చేసిన. క్షమించినంకనే ముందర నిలబడి చెప్పిన” అన్నాను.

ఆయన తల ఊపి, నాకోసం ప్రార్థన చేయడానికి చెయ్యెత్తారు. అమ్మ నన్ను పక్కకు జరిపి తను ముందుకొచ్చింది.

“దాని కోపం పోవాలని మస్తుసార్లు ప్రార్థన చేసిండ్రు అయ్యగారూ. నేను ఇన్నేండ్లు నోరు తెరవంది ఓర్పనుకున్న. ఓర్పు గాదు, భయం. ఇయ్యాల నాకు చేయుండ్రి.”